చిట్యాల ఐలమ్మ జీవితం – నాలుగెకరాల పంట

నాబోతు ద్రాక్షతోట వృత్తాంతం ఆదివారపు బడి రోజులనుండి మనకందరికీ తెలిసినదే. రాజముద్ర వేసిన తాకీదులు, ఇద్దరు అబద్ధ సాక్షులు, ఊరి పెద్దల మౌనం – ఈ మూడూ కలిసి ఒక మనిషి పిత్రార్జితాన్ని, ప్రాణాన్ని కూడా హరించాయి. అటువంటిదే ఒక సంగతి మన జనగామ ప్రాంతంలో, మన తాతల కాలంలో జరిగింది. ఇక్కడ తోటకు బదులు నాలుగెకరాల వరిపొలం, రాజుకు బదులు ఒక దేశ్‌ముఖ్. కాని ముగింపు వేరు. ఆ పొలంలోని గింజ చివరకు పండించిన వారి ఇల్లే చేరింది. ఆ ఇంటి ఇల్లాలు చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మ అంటే పసిపిల్లలు కూడా గుర్తుపడతారు.

ఆమె జీవితాన్ని నేడు తిరిగి తలచుకొనడానికి ఒక కారణం ఉన్నది. ప్రపంచంలో ఏ మూల యుద్ధం జరిగినా పంటలు తగలబడటం, ఇళ్లు దోచుకొనబడటం పత్రికలలో చూస్తున్నాము. యుద్ధకాలంలో మనుషుల ప్రాణాలతోపాటు వారి ఆస్తిని కూడా కాపాడవలెనని అంతర్జాతీయ న్యాయశాస్త్రం చెబుతున్నది. ఆ న్యాయం ఎవరిదాకా వచ్చింది, ఎవరి గుమ్మం దగ్గర ఆగిపోయింది అన్నది తెలుసుకొనడానికి దూరదేశాల చరిత్ర అక్కరలేదు. పాలకుర్తి చాలును.

జననం, సంసారం

ఐలమ్మ 1895వ సంవత్సరంలో నేటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని కృష్ణాపురంలో జన్మించింది. ఓరుగంటి మల్లమ్మ, సాయిలు ఆమె తల్లిదండ్రులు. చిన్నతనంలోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహతో వివాహం జరిగింది. వారికి కుమారులు, ఒక కుమార్తె కలిగారు. కులవృత్తి బట్టలు ఉతకడం.

ఆనాటి నిజాం రాష్ట్రంలో వృత్తికులాల వారికి వృత్తితోపాటు వెట్టి కూడా ఉండేది. దొర ఇంటికీ, ఊరికి వచ్చిన సర్కారు అధికారులకూ కూలి లేకుండా పని చేయవలెను. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టాలి. పిలుపు వచ్చినప్పుడు ఇంటిలో జబ్బుమనిషి ఉన్నా, సొంత చేను ఎండిపోతున్నా వెళ్లవలసిందే. ఇటువంటి స్థితిలో ఐలమ్మ కుటుంబం సొంతంగా సేద్యం చేయాలని తలపెట్టడమే ఒక సాహసం. పాలకుర్తిలో మల్లంపల్లి మక్తేదారుకు ఉన్న భూమిలో 40 ఎకరాలు కౌలుకు తీసుకొని, అందులో నాలుగెకరాలు బాగుచేసి వరి పండించారు. పెళ్లాం, మొగుడు, పిల్లలు అందరూ ఆ మట్టిలోనే చెమటోడ్చారు. కూలి కోసం ఒకరి గుమ్మం ముందు నిలబడకుండా బ్రతకగలమన్న ధైర్యం ఆ నాలుగెకరాలే వారికి ఇచ్చాయి.

కాగితం ఎవరి చేతిలో ఉన్నది?

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఐలమ్మ ఆ భూమికి పట్టాదారు కాదు, కౌలుదారు. ఆమెకున్న హక్కు దున్నిన హక్కు, పండించిన హక్కు. ఆ హక్కుకు రుజువు ఊరందరి కళ్లే. కాని సర్కారుకు కావలసిన రుజువు పట్వారీ దగ్గర ఉన్న దస్తరం. ఆ దస్తరాలు ఉర్దూలో ఉండేవి. సామాన్య రైతుకు అందులో తన పేరున్నదో లేదో చదువుకొనే వీలు లేదు. పట్వారీ కలం ఒక గీత గీస్తే తరతరాల సేద్యం మరొకరి పేరుకు మారిపోయేది. దేశ్‌ముఖ్‌లు పూర్వం శిస్తు వసూలు చేసిన వంశాలవారు. సర్వే, బందోబస్తు జరిగిన కాలంలో ఊళ్లకు ఊళ్లు వారి పేర్లమీదికి ఎక్కాయి. జనగామ తాలూకాలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి క్రింద దాదాపు 40 వేల ఎకరాలు ఉండినట్లు చరిత్రకారులు వ్రాశారు. జనగామ తాలూకా ఆ రోజులలో నల్లగొండ జిల్లాలో ఉండేది.

ఆ దేశ్‌ముఖ్‌తో భూమి తగాదా పెట్టుకొన్న వారి గతి ఏమిటో ఐలమ్మకు తెలియక కాదు. దగ్గరలోని కామారెడ్డిగూడెంలో బందగీ అనే సామాన్య రైతు తన భూమి కోసం కోర్టుకు వెళ్లి ఏళ్ల తరబడి పోరాడాడు. న్యాయం అతని వైపే ఉన్నా ప్రాణం దక్కలేదు. దారికాచి అతన్ని చంపారు. కోర్టు కాగితంమీద గెలిచిన భూమిని పొలంలో నిలుపుకొనడం వేరే సంగతి అని ఆ మరణం అందరికీ చెప్పింది.

సంఘం నీడ

1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ పదకొండవ మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షత వహించాడు. సభ్యత్వ రుసుము ఒక అణాకు తగ్గింది. దానితో కూలివాడు, కౌలుదారు కూడా సభ్యులు కాగలిగారు. పల్లెల్లో దానిని సంఘం అని పిలిచేవారు. పాలకుర్తిలోనూ సంఘం ఏర్పడింది. ఐలమ్మ, ఆమె ఇంటివారు అందులో చేరారు. ఆమె ఇల్లే కార్యకర్తలకు దిగుడు అయింది.

పట్వారీ శేషగిరిరావు ఐలమ్మ కుటుంబాన్ని తన పొలంలో పనికి రమ్మని పిలిపించాడు. తమ చేను విడిచి రామని వారు చెప్పారు. ఆ మాట విసునూరు గడికి చేరింది. ఒక చాకలి కుటుంబం వెట్టికి రానన్నది అంటే రేపు ఊరంతా అదే మాట అంటుంది గదా అని దేశ్‌ముఖ్ భావించాడు. మొదట పోలీసు కేసులు బనాయించారు. కేసు న్యాయస్థానంలో నిలువలేదు. తరువాత పట్వారీ చేత దస్తరం మార్పించి, ఐలమ్మ కౌలు భూమి తన పేరున ఉన్నట్లు వ్రాయించుకొన్నాడు. దానిమీద జరిగిన వ్యాజ్యంలో కొండా లక్ష్మణ్ బాపూజీ న్యాయ సహాయం చేశాడు. తీర్పు ఐలమ్మ పక్షానే వచ్చింది.

పంట కోత

కాగితంమీద ఓడినవాడు బలంతో గెలువజూచాడు. పైరు కోతకు వచ్చిన సమయంలో దేశ్‌ముఖ్ వంద మంది దాకా మనుషులను పొలంమీదికి పంపాడు. సంగతి ముందే తెలిసి సంఘం వారు కర్రలు, వడిసెలలు పట్టుకొని వచ్చి చేరారు. భీమిరెడ్డి నరసింహారెడ్డి మొదలైన నాయకులు వారిలో ఉన్నారు. ఐలమ్మ కూడా రోకలిబండ చేతబట్టి నిలిచిందని ఆ ఊరిలో చెప్పుకొంటారు. దొర మనుషులు వెనుదిరిగి పోయారు. అప్పుడు వచ్చిన వారందరూ కొడవళ్లు పట్టి, వరి కోసి, కల్లంలో కొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. తరువాత పోలీసు క్యాంపు వారు ఆ ధాన్యాన్ని ఎత్తుకొని పోవడానికి ప్రయత్నించినా ఆమె గుమ్మం వదలలేదు.

ఈ గెలుపుకు ఆమె చెల్లించిన మూల్యం తక్కువ కాదు. దేశ్‌ముఖ్ మనుషులు ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ఇంటిలోని డబ్బు, ధాన్యం దోచుకొన్నారు. ఆమె కుమార్తెపై చెప్పరాని దౌర్జన్యం జరిగింది. కుటుంబంలోని మగవారు కేసులు, నిర్బంధాలు అనుభవించారు. ఇంత జరిగినా ఆమె భూమిని వదులుకొంటానని అనలేదు.

ఇక్కడ రెండవ వైపు కూడా చెప్పుకొనడం న్యాయం. ఊరివారు కోపోద్రేకంతో పట్వారీ ఇంటిని కూలగొట్టారు. ఆ స్థలంలో మొక్కజొన్న వేశారు. ఆ పంట కూడా ఐలమ్మ ఇంటికే చేరింది. అన్యాయానికి గురైన వారి కోపం మనకు అర్థమవుతుంది. అయినా ఇల్లు కూలగొట్టడం ఇల్లు కూలగొట్టడమే. పోరాటంలో ఉన్న ఏ పక్షమూ ఎదుటివాని ఇంటిని, పంటను తాకకూడదని ఒక నియమం ఎందుకు అవసరమైందో ఈ రెండు ఇళ్ల కథ ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. నియమం లేనిచోట దోపిడీకి జవాబు దోపిడీయే అవుతుంది.

యుద్ధం, యుద్ధ నియమాలు

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండ్లకు బలి అయ్యాడు. అక్కడినుండి తగాదా పోరాటంగా, పోరాటం సాయుధ సమరంగా మారింది. 1947, 1948 సంవత్సరాలలో రజాకార్లు, నిజాం పోలీసులు ఊళ్లమీద పడ్డారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన హత్యాకాండ జనగామ ప్రాంతపు పెద్దలు మరువలేనిది. సెప్టెంబరు 13 నుండి 17 వరకు భారత సైన్యం జరిపిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. ఆ వెనుక కూడా రాష్ట్రంలోని కొన్ని జిల్లాలలో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ ప్రాంతాలలో, ముస్లిం కుటుంబాల ఇళ్లు, దుకాణాలు లూటీ అయ్యాయి, అనేకుల ప్రాణాలు పోయాయి. విచారణకు పండిత సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక సంఘాన్ని పంపారు. దాని నివేదిక 2013 దాకా ప్రజలకు అందుబాటులోకి రాలేదు.

ఇటువంటి సమయాలకు ఏ నియమమూ లేదా అంటే, ఉన్నది. పట్టణాన్ని ముట్టడించినప్పుడు పండ్లచెట్లను నరకరాదని మోషే ధర్మశాస్త్రం ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయంలో ఆజ్ఞాపించిన సంగతి మనకు తెలుసు. నవీన కాలంలో 1907 నాటి హేగ్ ఒడంబడిక ఈ విషయాన్ని వివరంగా నిర్ణయించింది. ఆక్రమించిన సైన్యం ప్రజల సొంత ఆస్తిని స్వాధీనం చేసుకొనరాదని 46వ అధికరణం చెబుతుంది. లూటీని 47వ అధికరణం నిషేధించింది. సైన్యానికి ధాన్యమో పశువులో తప్పనిసరిగా కావలసివస్తే ఊరి శక్తికి మించకుండా తీసుకొని, రొక్కం చెల్లించవలెను, లేదా రసీదు ఇవ్వవలెనని 52వ అధికరణం. 1949 ఆగస్టు 12 నాటి నాలుగవ జెనీవా ఒడంబడిక కూడా లూటీని నిషేధించింది. తప్పనిసరి యుద్ధావసరం లేనిదే ఆస్తిని ధ్వంసం చేయరాదన్నది. ఈ ఒడంబడికలను భారతదేశం 1950లో ధ్రువీకరించింది. 1960లో పార్లమెంటు జెనీవా ఒడంబడికల చట్టం చేసింది.

అయితే ఈ నియమాలలో ఒక పెద్ద వెలితి ఉండినది. ఇవన్నీ ఒక రాజ్యానికీ మరొక రాజ్యానికీ మధ్య జరిగే యుద్ధానికి వ్రాసుకొన్నవి. ఒక రాజ్యం లోపలనే దొర మనుషులు, రజాకార్లు, పోలీసులు, దళాలు పోరాడుకొంటుంటే నడుమ చిక్కిన చేనుకు అవి వర్తించవు. జెనీవా ఒడంబడికలలోని 3వ అధికరణం ఒక్కటే అంతర్యుద్ధాలకు వర్తించేది. అది ప్రాణాలను, మానమర్యాదలను కాపాడమన్నది గాని పంట గురించి, ఇంటి గురించి ఒక్క మాట చెప్పలేదు. అది కూడా ఐలమ్మ పంట ఇల్లు చేరిన తరువాత వచ్చినదే.

లండన్‌లోని సొమ్ము

అదే కాలంలో అదే రాష్ట్రానికి చెందిన మరొక ఆస్తి సంగతి చూడండి. భారత సైన్యం హైదరాబాదు చేరిన ఆ రోజులలో, 1948 సెప్టెంబరు 20 ప్రాంతంలో, నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని హైదరాబాదు సొమ్మును అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా ఖాతాకు మార్పించాడు. ఆ సొమ్ము 10 లక్షల 7 వేల పౌండ్లకు పైమాట. తన అనుమతి లేకుండా జరిగిందని నిజాం తిరిగి అడిగాడు. కేసు ఇంగ్లండు అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ దాకా వెళ్లింది. పరాయి రాజ్యంమీద దావా నడువదన్న సూత్రం అడ్డువచ్చి 1957లో అది ఆగిపోయింది. సొమ్ము మాత్రం బ్యాంకులో భద్రంగా ఉండి వడ్డీతో పెరిగింది. చివరకు 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు ఆ సొమ్ము భారతదేశానికి, నిజాం వారసులకు చెందుతుందని, పాకిస్తాన్‌కు కాదని తీర్పు చెప్పింది. అప్పటికి అది సుమారు మూడున్నర కోట్ల పౌండ్లు అయింది.

ఈ రెండు ఆస్తులను పోల్చి చూస్తే మన మనస్సుకు ఒక విషయం తట్టకమానదు. రాజుగారి సొమ్ముకు 71 సంవత్సరాలు బ్యాంకులు, బారిష్టర్లు, రాజ్యాల మధ్య నడిచే న్యాయసూత్రాలు కాపలా కాశాయి. అది ఎవరిదో తేలలేదు గాని, పైసా పోలేదు. ఐలమ్మ గింజలకు కాపలా కాసినది ఇరుగుపొరుగు మనుషులు. వారు ఆ రోజు రాకపోతే తీర్పు చేతిలో ఉండి కూడా పంట గడికి చేరేది. చట్టం చెడ్డదని దీని అర్థం కాదు. చట్టం కాగితం ఉన్నవానిని, పేరున్నవానిని ముందు చూచింది. కాగితం లేని కౌలుదారు దాకా రావడానికి దానికి చాలా కాలం పట్టింది.

అడవి దారిలో

పోలీసు చర్య తరువాత పోరాటం ఆగలేదు. దళాలు మైదానపు ఊళ్లను విడిచి మహబూబాబాద్, భూపాలపల్లి వైపు గల అడవులకు, గోదావరి తీరానికి వెళ్లాయి. వారికి తిండి, దారి దొరకకుండా చేయడానికి ప్రభుత్వ సైన్యం కోయ గూడేల జనాన్ని వారి ఇళ్లనుండి తరలించి శిబిరాలలో ఉంచింది. విడిచివచ్చిన పోడు చేలు, గుడిసెలు, పశువులు ఏమైనాయో అడిగే నాథుడు లేడు. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. దాదాపు 3 వేల గ్రామాలలో 10 లక్షల ఎకరాలు పంచినట్లు ఉద్యమ నాయకులు వ్రాశారు. అందులో చాలా భాగం తరువాత తిరిగి పూర్వపు యజమానుల చేతికే వెళ్లింది.

అయినా ఆ పోరాటం చట్టాన్ని కదిలించింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చి, దున్నేవాడిని రక్షిత కౌలుదారుగా రికార్డులో ఎక్కించింది. పట్వారీ దస్తరంలో ఏ పేరూ లేని మనిషికి అది మొదటి కాగితం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో భూదానోద్యమం ప్రారంభమైంది. ఒక రామచంద్రారెడ్డి నాలుగెకరాలు లాగుకొనజూచిన ప్రాంతానికి అంత దూరంకాని చోట మరొక రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇచ్చాడు.

అంతర్జాతీయ న్యాయం కూడా నిదానంగా చేను గట్టుకు చేరింది. 1977 జూన్ 8న జెనీవా ఒడంబడికలకు చేర్చిన రెండవ అనుబంధ పత్రం అంతర్యుద్ధాలకే ఉద్దేశించినది. అది లూటీని నిషేధించింది. ప్రజలు బ్రతకడానికి అవసరమైన ఆహారధాన్యాలు, పంటపొలాలు, పైర్లు, పశువులు, త్రాగునీటి వసతులు, సాగునీటి కట్టడాలు – వీటిని ఆకలి చంపే ఆయుధంగా ధ్వంసం చేయరాదని 14వ అధికరణంలో పేరుపేరునా చెప్పింది. పట్టా ఎవరిదని ఆ అధికరణం అడుగదు. ఆ పంటతో బ్రతికే మనిషిని చూస్తుంది. పాలకుర్తి పొలంలో ఐలమ్మ నిలబడి కోరినది ఇదే. భారతదేశం ఆ అనుబంధ పత్రంలో ఇంకా చేరలేదు.

చివరి రోజులు

పోరాటం ముగిసిన తరువాత ఐలమ్మ పాలకుర్తిలోనే సాదాగా జీవించింది. పదవి అడుగలేదు, పట్నం చేరలేదు. పోరాటంలో పైకి వచ్చిన పెద్దల పేర్లు పుస్తకాలకెక్కుతున్న కాలంలో ఆమె తన ఊరిలోనే ఉన్నది. 1985 సెప్టెంబరు 10న ఆమె కన్నుమూసింది. పాలకుర్తిలో ఆమె స్మారకం వెలిసింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆమె జయంతిని సెప్టెంబరు 26న ప్రభుత్వం జరుపుతున్నది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. దస్తరంలో తన పేరు చదువుకొనే అవకాశం లేని తరానికి చెందిన స్త్రీ పేరు నేడు వేలాది ఆడపిల్లల పట్టాలమీద ఉంటున్నది.

మన సంఘాలలో కౌలు సేద్యం చేసే కుటుంబాలు ఎన్నో కలవు. అన్నదమ్ములు పంచుకొన్నా కాగితాలు చేయించుకొననివారు, వితంతువైన వదినె పేరు రికార్డులో ఎక్కించనివారు, నోటిమాట కౌలుమీదనే ఏళ్లు గడుపుతున్నవారు మనలో ఉన్నారు. శాంతికాలంలో ఈ అలసత్వం చిన్నదిగానే కనబడుతుంది. కల్లోలం వచ్చిననాడు దాని ఖరీదు తెలుస్తుంది. కనుక పొలం కాగితాలు సరిచూచుకొనడం, చదువురాని పొరుగువానికి చదివిపెట్టడం మనం చేయగల పని. రెండవది ఇంకా ముఖ్యం. నాబోతు నాడు ఊరి పెద్దలు తాకీదు చదివి తలవంచారు. పాలకుర్తిలో పొరుగువారు కొడవళ్లు తీసుకొని పొలానికి వచ్చారు. ఐలమ్మ జీవితంలో మనం నేర్చుకొనవలసినది ఆమె ధైర్యం ఒక్కటే కాదు, ఆ రోజు ఆమె చేలోకి దిగిన వారి నడవడి కూడా.